ఒక బంటు ఎక్కువగా ఉన్నప్పుడు

"నేను ఊరికే అడిగాను ఆంటీ, మీరు ఒప్పుకుంటారని అనుకోలేదు" అని ఆ పిల్లవాడు అన్నప్పుడు నేను పెన్నుకు ఇంకా మూత కూడా పెట్టలేదు. చదరంగం ఆట ముగిసి స్కోర్ షీట్ల మీద ఇద్దరి సంతకాలూ అయిపోయాయి. ఫలితం రాసే చోట డ్రా, చెరో అర పాయింటు అని నా దస్తూరీతోనే, బడిలో నల్లబల్ల మీద రాసినంత గుండ్రంగా, రాసి ఉంది. వాడికి పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. తండ్రితో కలిసి చెన్నై నుంచి రైల్లో వచ్చాడు, ఆటగాడి బలాన్ని చెప్పే అంకె, అంటే రేటింగు, 1640 చిల్లర. మూడు గంటల పాటు నా ముఖం వైపైనా చూడనివాడు, ఆట ముగిసిన తరువాత ఎంతో మర్యాదగా పావులన్నిటినీ వెనక్కి పెట్టి, నేను ఎలా గెలిచి ఉండేదాన్నో నాకే చూపించాడు.

అప్పటికి బల్ల మీద రాజులూ బంట్లూ తప్ప మరేమీ మిగలలేదు. కుడివైపున నాకు మూడు బంట్లు, వాడికి మూడు బంట్లు. ఎడమ అంచున మాత్రం నాకు ఒక బంటు ఎక్కువగా ఉంది, దానికి అడ్డుపడే బంటు ఎదురుగా లేదు. దాన్ని చివరి గడి దాకా నడిపించి మంత్రిని చేయాలని పది నిమిషాలు లెక్కపెట్టాను. ఎట్లా లెక్కపెట్టినా వాడి రాజు సమయానికి వచ్చి దాన్ని చంపేస్తున్నాడు. కాబట్టి ఈ ఆటలో గెలుపు లేదని తేల్చుకున్నాను, వాడు డ్రా అడగగానే చేయి కలిపాను. కానీ ఆ బంటు చేయవలసిన పని మంత్రి కావడం కాదట. "అది పోతే పోనీండి ఆంటీ, దాని కోసం నా రాజు ఆ మూలకు పోవాల్సిందే కదా, ఆ లోపల మీ రాజు ఇటు వచ్చి నా మూడు బంట్లనూ తినేస్తాడు" అంటూ వాడు రెండు చేతులతో రెండు రాజులనూ నడిపించి చూపించాడు. ఏడెనిమిది ఎత్తులు. నేను వారానికి రెండుసార్లు పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్న పాఠమే అది. పేరు కూడా గుర్తుంది. వాడి నోట ఆ పేరు వినగానే నా ముఖం ఎర్రబడి ఉంటుంది, ఎందుకంటే వాడు వెంటనే "పరవాలేదు ఆంటీ" అన్నాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి. చంద్రగిరి మండలంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను, వయసు నలభై ఒకటి. చదరంగం నేర్చుకోవాలన్న కోరిక నాకు ఎన్నడూ లేదు. మా అబ్బాయిని శని, ఆదివారాలు తిరుపతిలో తరగతికి తీసుకువెళ్ళి, రెండు గంటల సేపు ఆ మేడమెట్ల మీద కూర్చుని జవాబు పత్రాలు దిద్దుకునేదాన్ని. ఒక వానాకాలం సాయంత్రం మెట్ల మీద జల్లు కొడుతుంటే, గురువుగారు లోపలికి వచ్చి కూర్చోమన్నారు. వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఆయన పిల్లలకు రాజుకు రాజు ఎదురుగా నిలబడితే ఏమవుతుందో చెబుతున్నారు. ఇద్దరు రాజుల మధ్య ఒక్క గడి ఖాళీ ఉన్నప్పుడు ఎవరి వంతు వస్తే వారే పక్కకు తప్పుకోవాలి, తప్పుకున్నవారు దారి వదిలినట్టే. ఛందస్సులో గణాలు గుర్తుపట్టడం లాంటి సుఖం ఏదో అందులో నాకు తగిలింది. ఆ తరువాత జవాబు పత్రాల సంచీ ఇంట్లోనే ఉండిపోయింది.

ఏడాది గడిచాక, నేనూ పోటీకి పేరు ఇస్తానని అన్నాను. తిరుచానూరు రోడ్డులో ఒక కల్యాణమండపంలో పోటీ. ముందురోజు పెళ్ళి తాలూకు అరటిచెట్లు గుమ్మానికి ఇంకా కట్టే ఉన్నాయి, వేదిక మీద వధూవరుల పెద్ద కుర్చీలు రెండూ తీయలేదు, వాటికి ఎదురుగా వరుసగా బల్లలు, బల్లల దగ్గర నేలకు కాళ్ళు అందని పిల్లలు. తల్లులందరూ బయట చెట్టు కింద టిఫిన్ డబ్బాలతో కూర్చుంటే, నేను ఒక్కదాన్ని చీర కొంగు నడుముకు చుట్టుకుని లోపలికి వెళ్తున్నాను. ద్వారం దగ్గర ఒక కార్యకర్త "పేరెంట్స్ బయట ఉండాలమ్మా" అన్నాడు. నా పేరూ బల్ల సంఖ్యా ఉన్న కాగితం చూపించవలసి వచ్చింది. బల్ల దగ్గరికి వెళ్తే ఎదుటి పిల్లవాడు నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూశాడు.

మా బడిలో నవ్వినవాళ్ళు నవ్వారు. ఇంటి పక్కావిడ "ఈ వయసులో పిల్లోళ్ళతో ఆటేంది" అని మా అత్తయ్యతో అన్నదట. మా అత్తయ్యది వాయల్పాడు దగ్గర పల్లె. ఆమెకు ఎవరు ఏమన్నా జవాబుగా తరిగొండ వెంగమాంబ కథ సిద్ధంగా ఉంటుంది. "ఆయమ్మను మాత్రం ఊరంతా యాగీ చేయలేదా? ఇప్పుడు కొండమీద రోజూ రాత్రి స్వామికి ఎవరి హారతి ఇస్తా ఉండారు?" అని అడిగి పంపించిందట. చిన్ననాడే భర్తను పోగొట్టుకుని, లోకం విధించిన వితంతు వేషాన్ని కాదని, ఎన్ని మాటలు పడ్డా తన దారిన తాను తిరుమల చేరిన 18వ శతాబ్దపు కవయిత్రిని నా చదరంగంతో పోల్చడం అతిశయోక్తే. అయినా తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అనే మాట వింటూ పెరిగిన ఈ ప్రాంతంలో ఇంతకంటే మంచి వకాల్తా నాకు దొరకదు.

డ్రాకు ఒప్పుకోవడానికి నాకు కారణం లేకపోలేదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధనల ప్రకారం మొదటి రేటింగు రావాలంటే రేటింగు ఉన్నవారితో కనీసం ఐదు ఆటలు ఆడాలి. ఆడిన మొదటి పోటీలో అర పాయింటు కూడా రాకపోతే ఆ పోటీని లెక్కలోకే తీసుకోరు. అప్పటికి నేను రేటింగు ఉన్నవారితో మూడు ఆటలు ఆడి మూడూ ఓడిపోయి ఉన్నాను. ఆ అర పాయింటుతో నా ఆటలు లెక్కలోకి ఎక్కాయి. కాబట్టి చేసింది తెలివైన పనేనని ఇంటికి వచ్చే బస్సులో నాకు నేను చెప్పుకున్నాను, మా వాడికీ చెప్పాను. వాడు కిటికీలోంచి చూస్తూ "కానీ నువ్వు అందుకు ఒప్పుకోలేదు కదమ్మా" అన్నాడు.

నిజమే. ఆ చెన్నై పిల్లవాడు "డ్రా?" అని అడిగిన క్షణంలో నాకు నిబంధన గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చింది ఒక రకమైన కృతజ్ఞత. రేటింగు ఉన్న పిల్లవాడు, గురువుల దగ్గర ఏళ్ళ తరబడి నేర్చుకున్నవాడు, తనంతట తాను నన్ను సమానంగా చూస్తున్నాడు, అది పాడు చేసుకోకూడదు అనిపించింది. నా గుండె అంత వేగంగా కొట్టుకున్నది ఓడిపోతున్న మూడు ఆటల్లో కాదు, ఈ ఆటలోనే. ఓటమి నాకు అలవాటైన ఇల్లు, అందులో ఏ వస్తువు ఎక్కడ ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఒక బంటు ఎక్కువగా ఉండడమే నాకు కొత్త, ఆ కొత్త చోటు నుంచి ఎవరైనా చేయి పట్టుకుని బయటికి తీసుకుపోతే బాగుండునని ఉంది.

ఆ రాత్రి నాకు మా నాన్న మాట ఒకటి జ్ఞాపకం వచ్చింది. మాది పాకాల దగ్గర పల్లె, వాననీటి మీద శనక్కాయలు వేసే ఇల్లు. పదో తరగతిలో లెక్కల్లో నాకు మంచి మార్కులు వచ్చాయి. మా లెక్కల మాస్టారు ఇంటికి వచ్చి, తిరుపతిలో హాస్టల్లో పెట్టి లెక్కల గ్రూపు చదివించమని నాన్నను అడిగారు. నాన్న ఆయనకు మజ్జిగ ఇప్పించి, నా తల నిమిరి, "చాలులే సార్, ఆడబిడ్డ ఇంత దాకా చదివింది" అన్నాడు. అందులో కోపం లేదు, చులకన లేదు, గర్వమే ఉంది. మా ఇళ్ళల్లో చాలు అన్నది మంచి మాట. విస్తట్లో చేయి అడ్డం పెట్టి చాలు అన్నవారికే మర్యాద, ఇంకొంచెం వేయమని అడిగేవారి గురించి తరువాత మాట్లాడుకుంటారు. ఆ మాట వినీ వినీ, చివరికి ఎవరూ అనకపోయినా నాకు నేనే అనుకోవడం నేర్చుకున్నాను. లెక్కల గ్రూపు పోయినందుకు బాధపడుతున్నానని అనుకోవద్దు, తెలుగు నాకు అన్నం పెట్టింది, ఇష్టమైన అన్నమే పెట్టింది. నేను చెబుతున్నది ఆ చేయి గురించి, విస్తరికి అడ్డం పెట్టే ఆ చేయి చదరంగపు బల్ల దగ్గర కూడా లేచిందని.

తరువాతి వారం మా గురువుగారు నా స్కోర్ షీట్ చూసి ఏమీ అనకుండా, గుకేశ్ ఆడిన ఒక ఆటను బల్ల మీద పెట్టారు. చెన్నైలో పుట్టిన ఆ తెలుగు కుటుంబపు కుర్రవాడు 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ డింగ్ లిరెన్‌తో ఆ కిరీటం కోసం ఆడిన పద్నాలుగో ఆట అది. అప్పటికి ఇద్దరికీ చెరి 6.5 పాయింట్లు. బల్ల మీద ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో బిషప్, గుకేశ్‌కు రెండు బంట్లు, డింగ్‌కు ఒకటి. చూసేవాళ్ళలో చాలామంది అది డ్రాయేనని అనుకుంటున్నారు. గుకేశ్ మాత్రం ఆ ఒక్క బంటు ఎక్కువతో ఆడుతూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగు మార్పిడికి ఎదురు పెట్టాడు. ఏనుగులు పోయాయి, ఆ వెంటనే బిషప్‌లు కూడా మార్చుకోక తప్పని స్థితి వచ్చింది, అవి కూడా పోతే మిగిలేది రాజులూ బంట్లే. ఒక బంటు ఎక్కువ. 58 ఎత్తులకు ఆట ముగిసింది, పద్దెనిమిదేళ్ళ గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ ఎత్తు దగ్గర గురువుగారు ఆగి, "మేడమ్, మీకు వచ్చిన ముగింపు కంటే ఇది కష్టమైనది" అని మాత్రం అన్నారు.

ఆ పోటీలో బలహీనుడిగా లెక్కించబడింది గుకేశ్ కాదన్నది కూడా ఇక్కడ చెప్పాలి. కిరీటం ఉన్న డింగ్‌నే అందరూ తక్కువ అంచనా వేశారు. ఆ ఏడాది జనవరి తరువాత క్లాసికల్ పద్ధతిలో, అంటే గంటల తరబడి సాగే ఆటల్లో, ఒక్కటి కూడా గెలవని మనిషి, మొదటి ఆటలోనే నల్లపావులతో గుకేశ్‌ను ఓడించి, పద్నాలుగో ఆట దాకా లాక్కొచ్చాడు. నాకు ఆ పోటీ మొత్తంలో మనసుకు దగ్గరైనవాడు అతడే.

మా ఊళ్ళో కోచింగ్ కేంద్రాల గోడల మీద నిన్ను నువ్వు నమ్ముకో అనే మాట లేని వీధి లేదు. బాలాజీ కాలనీ నుంచి బస్టాండు దాకా నడిస్తే ఆ మాట ఎన్నిసార్లు కనబడుతుందో లెక్క పెట్టలేము. పిల్లలకు అది హాని చేస్తుందని అనను గాని, ఆ మాటను ఎక్కడ పట్టుకోవాలో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఏమి నమ్మాలి? ఆ చెన్నై పిల్లవాడికంటే నేను బాగా ఆడుతానని నమ్మితే అది అబద్ధం, నా మనసు దాన్ని ఒప్పుకోదు.

నాకు పట్టు దొరికింది మా బడిలో లెక్కలు చెప్పే సహోద్యోగి వల్ల. రేటింగు అనే ఈ పద్ధతిని కనిపెట్టిన అర్పాడ్ ఎలో హంగరీలో పుట్టి అమెరికాలో భౌతికశాస్త్రం బోధించిన ఆచార్యుడు. ఫిడే ఆయన పద్ధతిని 1970లో తీసుకుంది. దాని సూత్రాన్ని మా సహోద్యోగి స్టాఫ్ రూములో సుద్దముక్కతో బల్ల మీదే వేసి చూపించాడు. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే, వంద ఆటల్లో బలవంతుడికి సుమారు 76 పాయింట్లు, బలహీనుడికి సుమారు 24 పాయింట్లు రావాలి. నా బలం 1450 దగ్గర ఉండవచ్చని గురువుగారి అంచనా. అంటే ఆ పిల్లవాడికీ నాకూ ఉన్న తేడా దాదాపు అంతే. నేను దీన్ని ఎన్నోసార్లు తిరగేసి చూశాను. ఆ 24 పాయింట్లు ఎవరి దయా కాదు, అదృష్టమూ కాదు, లెక్క ప్రకారం నావి. అయితే ఏ ఆటలో వస్తాయో ముందుగా ఎవరూ చెప్పరు. వచ్చిన ఆటలో నేను బల్ల దగ్గర ఉండాలి, మనసుతో సహా. బలవంతుడు ఒక అవకాశం పోగొట్టుకుంటే ఇంకొకటి వస్తుంది, ఆయనకు వచ్చేవి ఎక్కువ. నాబోటిదానికి వచ్చేవే తక్కువ, వాటిలో సగం నేనే మర్యాదగా తిరిగి ఇచ్చేస్తే మిగిలేది ఏమిటి?

అప్పటినుంచి నేను ఆట మొదలుపెట్టడం గురించి చదవడం మానేసి, ముగింపులు మాత్రమే నేర్చుకున్నాను. ఉదయం కుక్కర్ పెట్టి, మూడు విజిళ్ళు వచ్చే లోపల ఒక స్థితి. పప్పు ఉడకడానికి పట్టే సమయం ఒక ఏనుగు ముగింపుకు సరిగ్గా సరిపోతుందని నాకు అప్పుడే తెలిసింది. మా వాడు బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చి ఎదుటి పక్షం ఆడేవాడు, నేను తప్పు చేస్తే నోరు తెరవకుండానే తల అడ్డంగా ఊపేవాడు. అన్నిటికంటే ఎక్కువసార్లు ఆడింది లుసేనా స్థితి అనే దాన్ని. పేరు లుసేనా అనే పాతకాలపు రచయితదే గాని 1497లో వచ్చిన ఆయన పుస్తకంలో అది లేదు, 1634లో సాల్వియో రాసిన పుస్తకంలో ఉంది. సాహిత్యంలో ఒకరి పద్యం మరొకరి పేర చెలామణి కావడం మనకు కొత్త కాదు కాబట్టి ఆ సంగతి తెలిసి నాకు సంతోషం వేసింది.

ఆ స్థితిలో ఇద్దరికీ ఒక్కో ఏనుగు ఉంటుంది, మనకు ఒక బంటు ఎక్కువ. మన బంటు ఏడో వరుసకు చేరింది, కానీ దాని ముందు గడిలో మన రాజే నిలబడి దారికి అడ్డంగా ఉన్నాడు. రాజు పక్కకు జరిగితే ఎదుటి ఏనుగు వెనక నుంచి చెక్ మీద చెక్ చెబుతుంది. దారి ఏమిటంటే, ముందుగా మన ఏనుగుతో ఒక చెక్ చెప్పి ఎదుటి రాజును ఇంకొంచెం దూరం తోసి, ఆ తరువాత ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి ఊరికే నిలబెట్టాలి. తెలియనివారికి అది పనికిమాలిన ఎత్తులా కనబడుతుంది. అప్పుడు రాజు బయటికి వచ్చి, చెక్‌లను తప్పించుకుంటూ మెల్లగా కిందికి దిగి అయిదో వరుస దాకా వస్తాడు. అక్కడ చెప్పిన చెక్‌కు నాలుగో వరుసలోని ఏనుగు అడ్డం వస్తుంది. దీన్ని వంతెన కట్టడం అంటారు.

ఆ రోజుల్లోనే కోనేరు హంపి ఆటలు కూడా చూశాను. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయపు ఆటల) పోటీలో ఆమె మొదటి ఆటే ఓడిపోయింది. ముప్పై ఏడేళ్ళ మనిషి, ఒక బిడ్డ తల్లి, పదకొండు ఆటల పోటీ ఓటమితో మొదలైంది. ముగిసేసరికి 8.5 పాయింట్లతో ఆమెదే మొదటి స్థానం. ఆ తరువాత ఏడాది జులైలో బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో ఆమెకు ఎదురుగా కూర్చున్న పంతొమ్మిదేళ్ళ దివ్యా దేశ్‌ముఖ్ 15వ సీడు, అంటే పోటీకి ముందు అంచనాల్లో పదిహేనో స్థానం. గ్రాండ్‌మాస్టర్ బిరుదుకు మెట్లయిన నార్మ్‌లలో అప్పటికి ఒక్కటి కూడా లేని ఆ అమ్మాయి, సమానమైనప్పుడు ఆడించే టైబ్రేక్‌లో గెలిచి, ఆ గెలుపుతోనే నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయిపోయింది. ఆ రోజు మా ఇంట్లో ఎవరి పక్షం ఉండాలో తెలియక అవస్థ పడ్డాము. చిన్నవారు గెలవాలని మనసు కోరుతుంది గాని, ఓడిపోతున్నది మన హంపి.

రెండో పోటీ చిత్తూరులో, ఒక బడి హాలులో జరిగింది. నాలుగో రౌండులో నాకు ఎదురుగా కూర్చున్నది ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి, రేటింగు 1700 పైనే. తెల్లటి పంచె, జేబులో రెండు పెన్నులు, బల్ల మీద విభూతి పొట్లం. కూర్చోగానే "ఏ ఊరు తల్లీ?" అని అడిగారు. ఒక్కొక్కరికి గంట సమయం, ప్రతి ఎత్తుకూ ముప్పై సెకన్లు అదనం. మూడున్నర గంటల తరువాత ఇద్దరికీ ఒక్కో ఏనుగు మిగిలింది, నాకు ఒక బంటు ఎక్కువ. నా ఏనుగు ఒక నిలువు వరుసను గోడలాగా మూసి ఉంచింది, ఆయన రాజు ఆ గోడకు అవతల ఉన్నాడు. నా గడియారంలో రెండు నిమిషాల చిల్లర. ఆయన ఎత్తు వేసి, గడియారం నొక్కే ముందు, నిబంధన ప్రకారమే, ఎంతో ఆప్యాయంగా అడిగారు: "ఏనుగుల ఆట అంటే డ్రానే కదా తల్లీ, కలుపుకుందామా?"

ఆయన మోసం చేయడం లేదు. ఏనుగుల ముగింపుల్లో చాలావాటికి అదే గతి. నాలో ఆ పాత చేయి లేవడం నాకు స్పష్టంగా తెలిసింది. ఇంకా విచిత్రం ఏమిటంటే, మరునాడు స్టాఫ్ రూములో 1700 ఆటగాడితో డ్రా చేశానని ఏ మాటలతో చెప్పాలో కూడా మనసు వాక్యం కూర్చడం మొదలుపెట్టింది, విశేషణాలతో సహా. ఆ వాక్యం మధ్యలో కళ్ళు గడియారం మీద పడ్డాయి. ఒక నిమిషం యాభై. మా గురువుగారు ఎనిమిదేళ్ళ పిల్లలకు చెప్పే ప్రశ్న ఒకటి ఉంది: ఎదుటివారు ఇప్పుడు ఏం చేశారు? ఆయన ఏనుగు ఏ గడి నుంచి ఏ గడికి వచ్చింది? చూశాను. ఆయన రాజు ఎక్కడ ఉన్నాడు? గోడకు అవతలే. నా బంటు ఆరో వరుసలో. ఒక ఎత్తు వేస్తే ఏడుకు చేరుతుంది, నా రాజు ముందే ఉన్నాడు. ఇది నేను కుక్కర్ పక్కన వంద సార్లు ఆడిన బల్ల.

"ఆడదాం సార్" అన్నాను. గొంతు నాది కాదనిపించింది.

బంటును జరిపాను, గడియారం నొక్కాను, ఎత్తు రాసుకున్నాను. ముప్పై సెకన్లు అదనంగా వచ్చే ఆటలో సమయం ఎంత తక్కువగా ఉన్నా రాయడం మానకూడదు, ముందుగా రాసుకోనూ కూడదు. వేసిన తరువాతే రాయాలి. ఆ రాత నాకు మేలు చేసింది. రాస్తున్నంత సేపూ ఆ ఒక్క ఎత్తు తప్ప మరేదీ లేదు. ఏనుగుతో చెక్ చెప్పాను, ఆయన రాజు ఇంకొక అడుగు దూరం వెళ్ళాడు. ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి నిలబెట్టాను. ఆయన కనుబొమలు కొంచెం పైకి లేచాయి. నా రాజు బయటికి వచ్చాడు. ఒక చెక్, దిగాను. రెండో చెక్, పక్కకు జరిగాను. మూడో చెక్ దగ్గర నా వేలు రాజు మీద పెట్టబోయి ఆగింది. ముట్టుకుంటే అదే ఆడాలి, ఏ గడికి దిగాలో ఇంకొకసారి చూసుకున్నాను, గడియారంలో నలభై సెకన్లు, తరువాత ముట్టుకున్నాను. నాలుగో చెక్. ఏనుగును అడ్డం పెట్టాను.

ఆయన బల్ల వైపు చాలాసేపు చూశారు. పక్క బల్ల దగ్గర ఎవరో నీళ్ళ సీసా పడేశారు, ఆయన తల తిప్పలేదు. చివరికి గడియారం ఆపి, చేయి చాచి, "వంతెన తెలుసా నీకు?" అన్నారు.

"ఈ మధ్యనే నేర్చుకున్నాను సార్."

"నాకూ తెలుసు తల్లీ. నీకు తెలియదనుకున్నాను" అని నవ్వి, విభూతి పొట్లం విప్పి ముందు నాకు ఇచ్చారు.

మా వాడు బయట నిలబడి ఉన్నాడు. ఫలితం చెప్పగానే ఏనుగును ఎన్నో వరుసలో పెట్టావని మాత్రమే అడిగాడు.

ఈ పోటీల్లో గెలిచినవారికి గెలిచినవారే ఎదురవుతారు. కాబట్టి తరువాతి రౌండులో నాకు నెల్లూరు నుంచి వచ్చిన పదకొండేళ్ళ అమ్మాయి వచ్చింది. రెండు జడలు, కుర్చీ కింద ఆగకుండా ఊగుతున్న కాళ్ళు. ఇరవై ఆరు ఎత్తుల్లో నా ఆట కట్టింది. ఆ ఆటలో నాకు ఏ క్షణంలోనూ ఏదీ ఎక్కువగా లేదు. సంతకాలు పెట్టాక ఆ పిల్ల వెళ్ళిపోలేదు. నా గుర్రాన్ని వేలితో చూపిస్తూ, "ఆంటీ, పన్నెండో ఎత్తులో దీన్ని ఇక్కడ ఎందుకు పెట్టారు?" అని అడిగింది. నేను స్కోర్ షీట్ తిప్పి పన్నెండో ఎత్తు ఎక్కడ ఉందో వెతికాను. ఇద్దరం కలిసి పావులను మళ్ళీ మొదటి గళ్ళలో పేర్చడం మొదలుపెట్టాము.